గల్లా పెట్టె మీదే, డిలీట్ బటనూ మీదేనా?

ప్రశ్న: ఆరేళ్ల కిందట మా మిద్దె మీద నాలుగు గ్రో బ్యాగుల్లో వంగ మొక్కలు పెట్టినప్పుడు సరదాగా ఒక ఫేస్‌బుక్ గ్రూపు మొదలుపెట్టాను. ఇప్పుడు అందులో 38 వేల మంది ఉన్నారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వాళ్లే ఎక్కువ, అమెరికా నుంచి కూడా మనవాళ్లు చాలామంది ఉన్నారు. తెగుళ్ల ఫొటోలకు సలహాలు, విత్తనాల పంపకాలు, అంతా ఉచితమే. ఏడాదిన్నర కిందట విత్తనాలు, వేపపిండి, వర్మీ కంపోస్టు అమ్మడం మొదలుపెట్టాను. ఒక నర్సరీ వాళ్లు నెలకు 8 వేలు ఇచ్చి గ్రూపు పైభాగంలో తమ పోస్టు ఉంచుకుంటున్నారు. పోయిన నెల ఒక సభ్యురాలు "మీ దగ్గర కొన్న బెండ విత్తనాలు 20 పెడితే 6 మొలిచాయి, డబ్బు దండగ" అని ఫొటోతో పెట్టారు. గంటలో వంద కామెంట్లు. మావారు తీసేయమంటే తీసేశాను. మర్నాడు ఆవిడ స్క్రీన్‌షాట్‌తో మళ్లీ పెట్టారు, ఈసారి "మోసం" అన్నారు. బ్లాక్ చేశాను. మొదటినుంచీ నాతో ఉన్న మోడరేటర్, రిటైర్డ్ టీచర్ గారు, "అమ్మా, నేనిక ఉండలేను" అని ఒక్క మెసేజ్ పెట్టి తప్పుకున్నారు. ఇప్పుడు నర్సరీ వాళ్లు కూడా తమ మీద వచ్చిన కామెంట్ తీసేయమంటున్నారు. ఇన్నేళ్లు ఉచితంగా చాకిరీ చేసి నాలుగు రూపాయలు సంపాదించుకోవడం తప్పా? తప్పయితే ఎలా సరిదిద్దుకోవాలి? నిద్ర పట్టడం లేదు.
– పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

మిద్దె తోట అడ్మిన్ గారూ, ముందు తేలికైన ప్రశ్న తేల్చేద్దాం. సంపాదించుకోవడం తప్పు కాదు. రాత్రి పదకొండింటికి ఎవరో మిరప ఆకు ముడుచుకుపోయిన ఫొటో పెట్టి "మేడమ్ అర్జెంట్" అంటే లేచి కూర్చుని జవాబు రాసే మనిషి మీరు. ఆ పని ఆరేళ్లు చేశారు. "సేవ అని మొదలుపెట్టి దుకాణం తెరిచింది" అని సణిగేవాళ్లు కోకోపీట్ (కుండీల్లో వేసే కొబ్బరి పొట్టు) ఎక్కడో ఒక చోట డబ్బులిచ్చి కొనుక్కునే వాళ్లే. వాళ్ల మాట పట్టించుకోకండి.

తప్పు జరిగింది దుకాణం దగ్గర కాదు, ఆ మొదటి డిలీట్ దగ్గర. సరుకు మీది, ఫిర్యాదు మీ సరుకు మీద. విచారణ చేసింది మీరు, తీర్పు చెప్పింది మీరు, శిక్ష వేసిందీ మీరే. మీ మనసులో దురుద్దేశం లేకపోవచ్చు. కానీ 38 వేల మందికి మీ మనసు కనపడదు కదా, పోస్టు మాయం కావడమే కనపడుతుంది. నిన్నటిదాకా "విత్తనం బాగోలేదేమో" అనుకున్న మాట ఇవాళ "ఏదో దాస్తోంది" అయిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. బెండకాయ గొడవకు గుమ్మడికాయ సామెత వాడాల్సి వచ్చింది, క్షమించండి.

ఇది మీకు నీతి చెప్పడానికి రాయడం లేదు, నేనూ ఈ పని చేసినవాణ్ణే. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న జిల్లా పత్రికలో డెస్క్‌లో పనిచేసేవాణ్ణి. ఊళ్లో ఒక ఫంక్షన్ హాలు వాళ్లు మాకు ప్రతి ముహూర్తాల సీజన్‌లో అరపేజీ ప్రకటనలిచ్చేవాళ్లు. ఒక పెళ్లిలో భోజనాలు తిన్నవాళ్లు పాతికమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. విలేకరి ఎనిమిది లైన్ల వార్త పంపాడు. ప్రకటనల విభాగంలో పెద్దాయన నా కుర్చీ పక్కకొచ్చి ఏమీ అనలేదు, ఊరికే నిలబడ్డాడు. నేను ఆ కాగితం తీసి ట్రేలో అడుక్కి పెట్టాను. మూడోరోజు పొద్దున ఆఫీసు ఎదుట టీ కొట్టాయన గ్లాసు నా చేతికిస్తూ "సార్, మన పేపర్లో రాలేదేం?" అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, ఊరికే అడిగాడు. ఊరంతటికీ తెలిసిన వార్త మా పేపర్లో మాత్రం లేదు. ఆ తర్వాత మేం ఓ కొత్త ఆస్పత్రి గురించి నిజంగానే బాగుందని రాసినా "ఎంతిచ్చారు?" అనేవాళ్లు. అరపేజీ ప్రకటన డబ్బు ఆ నెలలోనే ఖర్చయిపోయింది. "ఎంతిచ్చారు" అన్న మాట మాత్రం నేను ఉద్యోగం మానేసేదాకా వినపడింది.

పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తగిలింది. అమెరికాలో డిగ్ అనే సైట్ ఉండేది, ఏ వార్త పైకి రావాలో పాఠకులే ఓట్లేసి తేల్చేవాళ్లు. 2007 మేలో హెచ్‌డీ డీవీడీల కాపీ తాళాన్ని తెరిచే సంఖ్య ఒకటి అందులో ఎవరో పెట్టారు. నోటీసు రాగానే సైట్ వాళ్లు ఆ పోస్టులు తీసేయడం మొదలుపెట్టారు. ఒకటి తీస్తే వంద వచ్చాయి, మొదటి పేజీ మొత్తం ఆ సంఖ్యే. ఆ రాత్రికి వ్యవస్థాపకుడు కెవిన్ రోజ్ చేతులెత్తేసి, ఇక తీసేయం అని రాయాల్సి వచ్చింది. 2010లో అదే సైట్‌ను పెద్ద ప్రచురణ సంస్థల సరుకు పైకి వచ్చేలా మార్చేసరికి జనం మూటాముల్లె సర్దుకుని రెడిట్ అనే ఇంకో సైట్‌కు పోయారు. 2023 జూన్‌లో ఆ రెడిట్ వంతు వచ్చింది. బయటి యాప్‌ల నుంచి భారీగా డబ్బు వసూలు చేస్తామనగానే, ఉచితంగా మోడరేషన్ చేసేవాళ్లు వేల సంఖ్యలో తమ విభాగాలకు తాళాలు వేసేశారు. డిగ్ పడిపోయింది, రెడిట్ తట్టుకుని నిలబడింది. రెడిట్ దగ్గర కోట్లలో జనం, లాయర్లు, పెట్టుబడి ఉన్నాయి. మీ దగ్గర ఉన్నవాళ్లు ఒక టీచర్ గారు. ఆయన వెళ్లిపోయారు.

ఆ టీచర్ గారి గురించి కాస్త ఆగి ఆలోచించండి. గ్రూపు ఉచితంగా నడిచినన్నాళ్లూ ఆయన చేసింది సేవ. మీరు ప్యాకెట్లు అమ్మడం మొదలుపెట్టిన రోజునుంచీ ఆయన మీ దుకాణానికి కాపలా కాస్తున్నట్టయింది. ఆ సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆయన్ని అడగనూ లేదు. ఇదేం కొత్త గొడవ కాదు. ఏఓఎల్ అనే అమెరికన్ కంపెనీకి 1990ల్లో చాట్ రూముల్ని కనిపెట్టుకుని ఉండే వలంటీర్లు వేలమంది ఉండేవాళ్లు. మీరు డబ్బు చేసుకుంటుంటే మేం చేసింది ఉద్యోగం కాదా అని వాళ్లలో కొందరు 1999లో కోర్టుకెక్కారు. పదేళ్లు సాగి చివరికి కోటిన్నర డాలర్లతో రాజీ కుదిరింది. మీ టీచర్ గారు కోర్టుకు వెళ్లరు. "అమ్మా" అని పిలిచి మరీ వెళ్లిపోయారంటే ఆయనకు డబ్బు మీద కోపం లేదు, మీరు అడగకుండా తీసేశారన్నదే బాధ.

ఇప్పుడు బెండ విత్తనాల సంగతి. అసలు గొడవ అదే, దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. ఆ విత్తనాలు బాగున్నాయా, లేదా? మీరు చూశారా?

ధ్రువీకరించిన బెండ విత్తనానికి కనీస మొలకశాతం 65 ఉండాలి. అంటే 20 పెడితే 13 మొలవాలి. 6 అంటే తక్కువే. అయితే ఇరవై గింజల లెక్కతో విత్తనం మంచిదో చెడ్డదో చెప్పేయలేం కూడా. బెండ గింజ పైపొర గట్టిగా ఉంటుంది, నానబెట్టకపోతే బద్ధకిస్తుంది. కోకోపీట్ నీళ్లోడుతూ ఉంటే లోపలే కుళ్లిపోతుంది. రెండంగుళాల లోతున పెట్టేస్తే పైకి రాలేదు. చలికాలమైతే మరీ ఆలస్యం. అవతలివైపు తప్పూ ఉండొచ్చు, మీవైపు తప్పూ ఉండొచ్చు. మీరు కిలో ప్యాకెట్ తెచ్చి, వంటింటి బల్ల మీద చిన్న జిప్ కవర్లలో పోసి అమ్ముతుంటారని నా ఊహ. అలాగైతే అసలు ప్యాకెట్ మీదున్న లాట్ నంబరు (ఏ విడత విత్తనమో చెప్పేది), పరీక్ష తేదీ ఆ కవర్ల మీదికి రాలేదు. పరీక్ష చేసిన తేదీ నుంచి ధ్రువీకరణ గడువు 9 నెలలే. ఆ పెద్ద ప్యాకెట్ ఎప్పటిది? వానాకాలం దాన్ని ఎక్కడ పెట్టారు?

కాబట్టి ఇవాళే ఓ పని చేయండి. అదే లాట్‌లోంచి 50 గింజలు తీయండి. తడి గుడ్డలో వరసగా పేర్చి చుట్టి, గుడ్డ ఆరకుండా చూస్తూ వారం ఉంచండి. మొదటిరోజే గుడ్డ పరిచి, పక్కన ప్యాకెట్ పెట్టి, గ్రూపులో ఫొటో పెట్టండి. ఇంకో 50 గింజలు గ్రూపులో మీ మీద బాగా విసుక్కునే మనిషి ఒకరికి పంపించి ఆవిణ్ణీ అదే చేయమనండి. అందరికీ తెలిసే ఉంటుంది అలాంటివాళ్లు ఎవరో. వారం తర్వాత రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టండి. ఎక్కువ మొలిస్తే విత్తడంలో ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకోవచ్చు, ఆ చర్చ గ్రూపుకు మీ పంట ఫొటోల కన్నా ఎక్కువ పనికొస్తుంది. తక్కువ మొలిస్తే ఆ లాట్ కొన్నవాళ్లందరికీ డబ్బు వాపసు. అడిగినవాళ్లకే కాదు, అందరికీ. ప్యాకెట్ ముప్పయ్యో నలభయ్యో ఉంటుంది. వంద ప్యాకెట్లు అమ్మారనుకున్నా నర్సరీ వాళ్లిచ్చే ఒక నెల డబ్బులో సగంతో పోతుంది.

మాటలో మాట, విత్తనాలు అమ్మే వ్యాపారానికి 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు కింద లైసెన్సు ఉండాలి. ఫేస్‌బుక్‌లో అమ్మినా అమ్మకమే. మీకు ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే దగ్గర్లోని వ్యవసాయ శాఖ ఆఫీసుకు వెళ్లి అడగండి, "మోసం" అన్న మాట ఇంకొకరి నోట వచ్చేలోపు.

ఆ మాట దగ్గరికే వద్దాం. "20 పెడితే 6 మొలిచాయి" అన్నది ఆవిడ కళ్లతో చూసిన సంగతి, ఫొటో ఉంది, అది తీసేయడానికి మీకు ఏ హక్కూ లేదు. "మోసం" అన్నది నింద. మీరు తెలిసి తెలిసి పాడైన గింజలు అమ్మారని దాని అర్థం. ఆ ఒక్క మాట మార్చమని అడగొచ్చు. కానీ అడగాల్సింది మీరు కాదు, ఇంకో మోడరేటర్. పైగా మొదటి పోస్టులో ఆ మాట లేదు, మీరు తీసేశాకే వచ్చింది. ఆవిణ్ణి అన్‌బ్లాక్ చేసి, రెండు పోస్టులూ మళ్లీ పెట్టమని ఆవిణ్ణే అడిగి, కింద మీరే రాయండి: "ఈ పోస్టు నేను తీసేశాను. నా సరుకు మీద ఫిర్యాదు కాబట్టి నేను తీసేయకూడదు. విత్తనాలు పరీక్షిస్తున్నాను, ఫలానా తేదీకి ఫలితం పెడతాను." అంతే చాలు. "కొందరు గిట్టనివాళ్లు", "నా కష్టం ఎవరికి తెలుసు", "ఆరేళ్లుగా నిస్వార్థంగా" ఇవేవీ వద్దు. రాసేటప్పుడు చేతి దాకా వస్తాయి, ఆపుకోండి.

మీవారి భయం కూడా నాకు అర్థమైంది. అడ్మిన్ కాబట్టి కేసులు మీ మీదికొస్తాయని అనుకుంటున్నారేమో. సభ్యులు పెట్టినదానికి వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది. ఫేస్‌బుక్ గ్రూపు కథ వేరే అని ఎవరైనా వాదించొచ్చు, కానీ సొంత సరుకు మీద వచ్చిన ఫిర్యాదు ఉంచినందుకు మిమ్మల్ని పట్టుకెళ్లేవాళ్లెవరూ లేరు. ఆయనకు నా మాటగా చెప్పండి.

ఇకముందు నడిపే పద్ధతి ఒకటే, దానికి పది రూల్స్ అక్కర్లేదు. రైతు బజార్లు 1999లో మొదలైనప్పటినుంచీ అక్కడ బోర్డు మీద ధర రాసేది గంప ముందు కూర్చున్న రైతు కాదు, బజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్. రైతు దొంగ అని కాదు, అతని టమాటా ధర అతనే రాసుకుంటే పక్కవాడికి నమ్మకం ఉండదు. మీ గ్రూపులోనూ అంతే. మీ సరుకు మీద, మీకు డబ్బిచ్చేవాళ్ల మీద ఏం వచ్చినా మీరు ముట్టుకోకూడదు. మీ దగ్గర ఏమీ కొనని, మీ నుంచి ఏమీ తీసుకోని ఇద్దరు ముగ్గురు మోడరేటర్లు దాన్ని చూడాలి. ఏదైనా తీసేస్తే ఎందుకు తీసేశారో ఒక్క లైను అక్కడే రాయాలి. బూతులు, ఫోన్ నంబర్లు, పక్కవాళ్ల కులగోత్రాలు లాగడం, ఇవి ఎవరి మీద వచ్చినా తీసేయాల్సిందే. వాటిలో పేచీ ఏమీ ఉండదు.

పేచీ అంతా ఇంకోచోట ఉంటుంది, మీరు రాయకపోయినా అడుగుతున్నాను. మీ గ్రూపులో విత్తనాలు ఉచితంగా పంచుకునేవాళ్లు కదా. మీరు ప్యాకెట్లు అమ్మడం మొదలుపెట్టాక ఆ పోస్టులు తగ్గాయా? "నా దగ్గర దేశవాళీ చిక్కుడు గింజలున్నాయి, కవరు పంపితే ఇస్తాను" అన్న పోస్టు అప్రూవల్‌లో రెండురోజులు పడి ఉందా? కామెంట్లో ఇంకో అమ్మకందారు పేరు రాగానే చెయ్యి ముందుకు పోయిందా? నాకు తెలియదు, మీకు తెలుసు. డిలీట్ చేసినది పదిమందికీ కనపడుతుంది. అప్రూవ్ చేయనిది ఎవరికీ కనపడదు, గ్రూపులు ఎక్కువగా పాడయ్యేది అలాగే. మిగతావాళ్లు ఇక్కడ అమ్మకూడదు అనుకుంటే అలాగే బాహాటంగా రాయండి: "ఈ గ్రూపులో అమ్మకాలు నావి మాత్రమే, ఉచిత పంపకాలకు అడ్డు లేదు." ఎవరూ ఏమీ అనుకోరు. లేదంటే ఆదివారం ఒక్క పోస్టు కింద అందరూ అమ్ముకోవచ్చు అనండి, అందులో మీరూ ఒకరు. రెండూ న్యాయమే. పైకి ఒకటి రాసి లోపల ఇంకొకటి చేయడమే చిక్కు.

నర్సరీ వాళ్ల పని తొందరగా అయిపోయేది. ఫోన్ చేసి చెప్పండి: "అన్నా, మీరు డబ్బిచ్చింది పోస్టు పైన ఉండటానికి. కింద జనం ఏమనుకుంటారో దానికి కాదు. మీరు వచ్చి ఆ కామెంట్‌కు జవాబు చెప్పండి, మొక్క మార్చి ఇవ్వండి, దానికన్నా మంచి ప్రకటన ఏముంటుంది." ఒప్పుకుంటే మంచిది. "అయితే డబ్బులు ఆపేస్తాం" అంటే, వాళ్లు 8 వేలకు కొంటున్నది ప్రకటన కాదు అని మీకూ తెలిసిపోతుంది.

ఇంకోటి, ఆ పోస్టు మీద "ఇది ప్రకటన, నర్సరీ నుంచి డబ్బు తీసుకున్నాను" అని తెలుగులో రాసి ఉందా? డబ్బు తీసుకుని చెప్పే మాటను ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. సోషల్ మీడియాలో సిఫార్సులు చేసేవాళ్లకు 2023 జనవరిలో మళ్లీ విడమరిచి చెప్పారు. తెలుగులో సిఫార్సు చేస్తే ఆ ముక్క కూడా తెలుగులోనే ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. మీ గ్రూపు మీద ఎవరో వచ్చి పడతారని కాదు. కానీ "ఈ నర్సరీలో మొక్కలు నేనూ కొంటాను, చాలా బాగుంటాయి" అని మీరు రాసిన మాటను నమ్మి గుంటూరు నుంచో ఖమ్మం నుంచో బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు. మీరు నిజంగా అక్కడ కొంటున్నారా? కొనకపోతే ఆ వాక్యం తీసేయండి. డిలీట్ బటన్‌కు అదే సరైన పని.

చివరగా టీచర్ గారు. ఆయనకు మెసేజ్ పెట్టకండి, ఫోన్ కూడా వద్దు. ఉండేది హైదరాబాద్‌లోనే అయితే ఇంటికి వెళ్లండి. వెళ్లేముందే పోస్టులు మళ్లీ పెట్టి ఉండాలి, గుడ్డలో గింజలు చుట్టి ఉండాలి. ఆ పని చేయకుండా "మళ్లీ రండి" అంటే ఆయన మొహమాటానికి సరే అంటారు, నెలకు మళ్లీ వెళ్లిపోతారు. "మీరు నా సరుకు మీద ఫిర్యాదులు చూడాలి, నా మాట కూడా కాదని చెప్పాలి, కుదురుతుందా?" అని అడగండి. కుదరదంటే కాఫీ తాగి వచ్చేయండి. సరే అంటే ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని, ఏడో రోజు ఆ గుడ్డ విప్పి గింజలు లెక్కపెట్టండి.